నుమాయిష్ నాటికి పూసిన ఫ్లాక్స్

నాంపల్లిలో పూలమొక్కలు పెంచేవాళ్ళకి గోడ మీద క్యాలెండర్ అక్కర్లేదు. జూన్ మొదట్లో ఎగ్జిబిషన్ గ్రౌండ్స్ దగ్గర చేప ప్రసాదం కోసం జనం బారులు తీరారంటే మృగశిర కార్తె వచ్చేసినట్టే. బంతి, గునుగు, జీనియా గింజలు మట్టిలో పడాల్సిన వేళ అది. జనవరి 1న అదే మైదానంలో నుమాయిష్ ప్రదర్శన మొదలయ్యేసరికి ఫ్లాక్స్, పెటూనియా, డయాంథస్ విరగబూసి ఉండాలి. అలా ఉండాలంటే సెప్టెంబర్ నడుమ, ఉత్తర కార్తెలో నారు పోసుకోవాలి. ఫిబ్రవరి సగానికి నుమాయిష్ దుకాణాలు ఎత్తేసే రోజుల్లో ఎండ చురుక్కుమంటుంది, ఆ మొక్కలు గింజ కట్టడం మొదలుపెడతాయి. నుమాయిష్ లెక్క మా అమ్మది. చేప ప్రసాదం లెక్క తర్వాత నేను కలుపుకున్నది.

వృక్షశాస్త్రం పాఠాలు చెప్పి రిటైరైన దాన్ని. ఈ పేటలోనే పెరిగాను, ఈ పేటలోనే ఉన్నాను. హైదరాబాద్ పూల గురించి ఎవరు రాసినా నవాబుల బాగుల దగ్గర మొదలుపెట్టి, బాగులు పోయాయని బాధపడి ఆపేస్తారు. ఆ బాధ నాకూ ఉంది. కానీ ఈ ఊళ్ళో ఇంటి ముంగిట్లో రంగులు పూయించినవాళ్ళు వేరే ఉన్నారు. వాళ్ళ గురించి రాసినవాళ్ళు తక్కువ.

బాగుల మాట ముందు చెప్పేస్తాను. 1591లో నగరానికి పునాది వేసిన ముహమ్మద్ కులీ కుతుబ్ షా తన తోటల మీద దక్కనీలో కవితలు రాసుకున్నవాడు. ఆ కాలపు తోటలో వాసనది మొదటి పీట, రంగుది తర్వాతిది. మల్లె, సంపెంగ, మొగలి, గులాబీ అన్నీ ఒకసారి నాటితే ఏళ్ళ తరబడి ఉండేవే. మేం పాఠాల్లో బహువార్షికాలు అనేవి అవే. ఆ సంప్రదాయమే తర్వాత నవాబుల పెద్ద ఇళ్ళైన దేవిడీల్లోకి వచ్చింది. ఇంటి నడిమి ముంగిలిని చమన్ అనేవాళ్ళు. మధ్యలో నీళ్ళ హౌజు, దాని చుట్టూ క్యారీలు, అంటే పూలమడులు, మూలన ఒక పారిజాతం, గోడ మీదికి పాకిన జాజి. అబిడ్స్ చుట్టుపక్కల బషీర్‌బాగ్, జాంబాగ్ లాంటి పేర్లు ఇప్పటికీ వాడుకలో ఉన్నాయి. ఆ పేర్ల కింద నేల మాత్రం మారిపోయింది.

ఏటేటా గింజ చల్లి, నాలుగు నెలలు రంగు చూసి, మొక్క ఎండిపోతే మళ్ళీ గింజ చల్లే పద్ధతి ఇక్కడ బలపడింది ఇంగ్లీషువాళ్ళ వల్ల. కోఠీలో రెసిడెన్సీ కట్టడం 1803లో మొదలైంది. కట్టించిన జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్‌కి తోటలంటే ప్రాణం. 1949 నుంచి ఆ భవనంలో మహిళా కళాశాల నడిచింది, నేను బీఎస్సీ చదివింది అక్కడే. రెసిడెన్సీ చుట్టూ, సికింద్రాబాద్ కంటోన్మెంట్‌లో, ఆ తర్వాత అబిడ్స్‌లో వెలిసిన మిషన్ బడుల ఆవరణల్లో శీతాకాలపు పూలమడులు మామూలు దృశ్యమయ్యాయి. సెయింట్ జార్జ్ గ్రామర్ స్కూల్ 1834 నాటిది, స్టాన్లీ బాలికల పాఠశాల 1895 నాటిది, రోజరీ కాన్వెంట్ 1904 నాటిది. చదువుకోసం ఈ వీధుల్లోకి వచ్చిన ఆడపిల్లలు మొదటిసారి ఫ్లాక్స్ మడి చూసింది అలాంటి ఆవరణల్లోనే. గింజలు టపాలో వచ్చేవి. ఇంగ్లండ్‌లో రెడింగ్ నుంచి సటన్స్ వాళ్ళ పొట్లాలు, దగ్గరగా అయితే 1884లో పుణెలో మొదలైన పోచా వాళ్ళ పొట్లాలు. మా చిన్నప్పుడు ఆ పోచా పొట్లం మీది బొమ్మ చూసి అన్ని రంగులు ఒక్క మొక్కకే పూస్తాయనుకునేవాళ్ళం.

ఫ్లాక్స్ సంగతి కాస్త చెప్పాలి, ఎందుకంటే మా వీధిలో అందరిళ్ళల్లోనూ అది పూసేది. దాని సొంత ఊరు అమెరికాలోని టెక్సస్. థామస్ డ్రమండ్ అనే స్కాట్లండ్ మొక్కల సేకర్త 1830లలో అక్కడి పొలాల్లో తిరిగి గింజలు సేకరించి ఇంగ్లండ్‌కి పంపాడు. 1835లో క్యూబాలో చనిపోయాడు. ఆ గింజల్లోంచి వచ్చిన ఫ్లాక్స్‌కి వృక్షశాస్త్రజ్ఞుడు హుకర్ డ్రమండ్ పేరే పెట్టాడు. దాన్ని ఇంగ్లీషువాళ్ళు తమ వేసవి పూవుగా పెంచారు. మన దగ్గరికి వచ్చేసరికి అది శీతాకాలపు పూవైంది. సముద్ర మట్టానికి 500 మీటర్లకు పైగా ఎత్తున్న ఈ దక్కను గడ్డ మీద డిసెంబర్, జనవరి రాత్రులు చల్లగా, పగళ్ళు తేటగా ఉంటాయి. ఇంగ్లండ్ జూన్‌లో దానికి దొరికే హాయి ఇక్కడ సంక్రాంతికి దొరుకుతుంది. నుమాయిష్ రోజులూ ఫ్లాక్స్ రోజులూ ఒకటి కావడానికి కారణం ఇదే.

నుమాయిష్ మొదట జరిగింది ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో కాదు. ఉస్మానియా పట్టభద్రులు 1938లో దాన్ని బాగ్-ఎ-ఆమ్‌లో, అంటే ఇప్పటి పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలుపెట్టారు. 1946లో ఇప్పటి చోటికి మారింది. ముల్కీ వస్తువుల ప్రదర్శనకు వచ్చిన జనం పూలమడుల మధ్యగా నడిచి వెళ్ళారన్న మాట. పబ్లిక్ గార్డెన్స్ ఈ పేటకు పూల బడి. ఒక పక్క 1913లో పూర్తయిన టౌన్ హాల్, ఇప్పుడు శాసనసభ ఆవరణలో భాగం. ఇంకో పక్క జూబిలీ హాల్, పురావస్తు ప్రదర్శనశాల, వాటి మధ్య పచ్చిక, పచ్చిక అంచున మడులు. 1963లో నెహ్రూ జూ తెరిచేదాకా జంతువులు కూడా అక్కడే ఉండేవి. పులి బోను చూడ్డానికి వెళ్ళిన పిల్లని, ఎర్ర మెట్టతామరల వరస దగ్గర నిలబడిపోయానని అమ్మ చెప్పేది. తోట మాలీలు నారుమడి పలచన చేసేటప్పుడు పీకి పారేసే మొక్కల్ని తడి గుడ్డలో చుట్టి ఇళ్ళకు పట్టుకెళ్ళేవాళ్ళు. వాటిలో కొన్ని మా గల్లీ దాకా వచ్చేవి.

నాంపల్లి స్టేషన్ రోడ్డులో గోల్డెన్ త్రెషోల్డ్ ఉంది. నిజాం కాలేజీ మొదటి ప్రిన్సిపాల్ అఘోరనాథ్ చటోపాధ్యాయ ఇల్లు. ఆయన కూతురు సరోజినీ నాయుడు 1905 నాటి మొదటి కవితా సంపుటి పేరే ఆ ఇంటికి నిలిచింది. హైదరాబాద్ విశ్వవిద్యాలయం తొలి రోజులు గడిచింది కూడా అందులోనే. 1912లో వచ్చిన ఆమె రెండో సంపుటి ‘ది బర్డ్ ఆఫ్ టైమ్’లో గుల్‌మొహర్ మీద, రేల మీద, సంపెంగ మీద కవితలున్నాయి. వాటి పక్కనే నాస్టర్షియం మీద కూడా ఒకటి ఉంది. ఆ సంగతి నాకెంతో ఇష్టం. రేల, సంపెంగ ఈ నేలవి. గుల్‌మొహర్ మడగాస్కర్ నుంచి వచ్చిన చెట్టు. నాస్టర్షియం దక్షిణ అమెరికా నుంచి ఐరోపా మీదుగా గింజల పొట్లంలో వచ్చిన తీగ, నాలుగు నెలలకు ఎండిపోయేది. 1912 నాటికే ఈ ఊరి కవయిత్రికి నాలుగూ ఒక్క వసంతంలో భాగమే.

అయితే బంగళా ఉన్నవాళ్ళకి తోట ఉండటం వింత కాదు. మామూలు గుమాస్తా ఇంటి ముందు నాలుగు రంగులు ఎలా వచ్చాయన్నదే చూడాలి. దానికి రెండు దారులు కనిపిస్తాయి. 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగి ఊరిని ముంచేశాక, 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఏర్పడింది. ఇరుకు బస్తీలు తీసేసి మల్లేపల్లి, రెడ్ హిల్స్ లాంటి చోట్ల గాలీ వెలుతురూ ఉండే ఇళ్ళు కట్టించింది. ఇంటి ముందు కాస్త జాగా దొరికింది. 1920లో ఉస్మాన్‌సాగర్ పూర్తయ్యాక గండిపేట నీళ్ళు కుళాయిలోకి వచ్చాయి. జాగా, నీళ్ళు ఉంటే చాలు, మిగతాది ఆడవాళ్ళు చూసుకున్నారు.

రెండో దారి 1949 ఆగస్టు తర్వాతది, జాగీర్ల రద్దు. రాబడి పోయిన దేవిడీల్లో మాలీలకు జీతమివ్వడం కష్టమైంది. గదులు అద్దెకిచ్చారు. మా నాన్న రైల్వేలో గుమాస్తా. స్టేషన్‌కి నడిచి వెళ్ళేంత దూరంలో, చిరాగ్ అలీ గల్లీ వైపు, ఒక దేవిడీలో రెండు గదుల వాటాలో మేముండేవాళ్ళం. చమన్ సగం ఎండిపోయి ఉండేది. ఇంటి యజమానురాలిని అమ్మ ఆపా అనేది. ఆమె ఘోషా మనిషి. బజారుకి వచ్చేది కాదు, మొక్కల దగ్గరికి మాత్రం రోజూ పొద్దున్నే వచ్చేది. జీతం లేకపోయినా పాత మాలీ శుక్రవారాలు వచ్చి పోయేవాడు.

మా అమ్మది నల్లగొండ జిల్లా పల్లె. బతుకమ్మ మొదలయ్యే పెత్రమాస దగ్గరికొస్తుంటే ఆమె మనసంతా గునుగు మీద ఉండేది. పల్లెలో గునుగు జొన్న చేల నడుమ దానంతటది మొలిచేది, ఎవరూ వేసింది కాదు. ఇక్కడ కొనాలి. ఒక ఏడాది పుట్టింటి నుంచి వస్తూ ఎండిన గునుగు కంకి కొంగున ముడేసుకొచ్చింది.

“ఆపా, ఆ మూలకు జరంత జాగ ఇస్తవా? గునుగు ఏస్త” అని అడిగిందట.

“గులాబీ క్యారీలో జొన్న చేను గడ్డా?” అని ఆపా ఆశ్చర్యపోయింది. అయినా ఇచ్చింది. మాలీ మట్టి గుల్ల చేసి, పాత పెంట ఎరువు కలిపి పెట్టాడు. మంచి మట్టి దొరికిన గునుగు నడుం ఎత్తు పెరిగింది, వెండి రంగు కొసకు గులాబీ డాలుతో కంకులేసింది. ఆ ఏడు ఎంగిలిపూల బతుకమ్మ నాడు ఆపా కిటికీలోంచి చూస్తూ నిలబడింది. మరుసటి ఏడు కత్తెర పట్టుకుని తనే కోసిచ్చింది.

బతుకమ్మ తాంబాళంలో ఈ నేల చరిత్ర వరసలుగా ఉంటుంది. అడుగున తంగేడు, ఇది బహువార్షికం, పొద. 2014 నుంచి తెలంగాణ రాష్ట్ర పుష్పం. గునుగు ఏడాది మొక్క, మన చేలల్లో దానంతటది మొలిచేది. బంతి కూడా ఏడాది మొక్కే, కానీ మెక్సికోది. పోర్చుగీసువాళ్ళ ఓడల్లో ఈ తీరానికి చేరిందని వృక్షశాస్త్రజ్ఞుల మాట. మెక్సికోలో నవంబర్ మొదటి రెండు రోజుల్లో పెద్దల ఆత్మలకి దారి చూపడానికి ఇంటి ముందు బంతిరేకులు పరుస్తారు. ఇక్కడ పెత్రమాస నాడు పెద్దలకు బియ్యమిచ్చి, ఆ సాయంత్రమే బంతిని బతుకమ్మలో పేరుస్తారు. రెండుచోట్లా కాలం దాదాపు అదే. పగలు కురచనయ్యేకొద్దీ బంతి విరగబూస్తుంది కాబట్టి పండగకు అది అందుతుంది, పండగ దాన్ని వదలదు. చామంతి చైనా వైపుది. బొగడబంతి మధ్య అమెరికాది. వీటిలో ఏదీ పరాయిదని మా అమ్మ ఎన్నడూ అనుకోలేదు, నేనూ అనుకోను.

గింజ కట్టడం నేను నేర్చుకున్నది కాలేజీలో కాదు, ఆ మాలీ దగ్గర. “పూసినప్పుడు మురుసుడు గాదు బిడ్డా, ఎండినప్పుడు జూడాలె” అనేవాడు. ఫ్లాక్స్ కాయ జొన్నగింజంత ఉంటుంది, లోపల మూడు గింజలు. బాగా ఎండిన మధ్యాహ్నం అది పటుక్కున పగిలి గింజల్ని దూరంగా చిమ్మేస్తుంది. వెతికినా దొరకవు. అందుకని కాయ పచ్చదనం పోయి పసుపు తిరుగుతున్నప్పుడే, పొద్దున మంచు ఆరాక, కొమ్మతో సహా తుంచాలి. పాత పంచె ముక్కలో వదులుగా మూటకట్టి నీడన వేలాడదీయాలి. రెండు మూడు రోజులు మూటలోంచి సన్నగా చిటపటలు వినిపిస్తాయి. చప్పుడు ఆగాక విప్పి, చేటలో చెరిగి పొట్టు ఊదెయ్యాలి. జీనియా అలా కాదు, పువ్వు మొక్క మీదే పూర్తిగా ఎండి గోధుమరంగుకి రావాలి. రేకు పట్టి లాగితే మొదట్లో చదునైన గింజ అంటుకుని వస్తుంది. బంతి గింజ నల్లగా సూదిలా ఉండి కొసన తెల్ల కుచ్చు ఉంటుంది. బొగడబంతి ఎండినా రంగు పోదు, రెండు అరచేతుల మధ్య నలిపితే నూగు కమ్మిన గింజ బయటికొస్తుంది.

వీటన్నిటినీ ఖాళీ అగ్గిపెట్టెల్లో, శుభలేఖ కవర్లలో, ఎండు వేపాకుతో కలిపి దాచేవాళ్ళు. అమ్మ కవర్ల మీద తెలుగులో, ఆపా కవర్ల మీద ఉర్దూలో పేర్లు. ఇచ్చిపుచ్చుకోవడంలో రెండూ కలిసిపోయేవి. అమ్మ పెట్టెలో ఉర్దూ కవర్లుండేవి, ఎందులో ఏముందో చదవడం రాక ఆమె ఒక్కో గింజ పట్టి చూసి చెప్పేది. చామంతికి గింజతో పని లేదు. పూత అయ్యాక మొదలు చుట్టూ పిలకలొస్తాయి. వాటిని వేసవంతా నీడన బతికించి, తొలకరికి విడదీసి నాటుకోవాలి. ఆ ఎండల్లో పిలకల్ని కాపాడింది బియ్యం కడిగిన నీళ్ళే.

1970ల తర్వాత ఈ వీధులు దుకాణాలయ్యాయి. దేవిడీలు ఒక్కొక్కటీ కూలాయి. చిరాగ్ అలీ గల్లీలో, జగదీశ్ మార్కెట్ చుట్టూ ఇప్పుడు ఫోన్లూ తీగలూ అమ్ముతారు. మా దేవిడీ పోయినప్పుడు నేను చూశాను. నలభై యాభై ఏళ్ళ పారిజాతం, గోడంతా కమ్మిన కాగితంపూల తీగ, మొదలు చేతికందనంత లావైన సంపెంగ, అన్నీ ఒక్క వారంలో పోయాయి. వేరు ఉన్నచోటే వాటి బతుకు, నేల పోతే అవీ పోతాయి. నాలుగు నెలలకే చచ్చిపోయే మొక్కలు మాత్రం మిగిలాయి. అమ్మ అగ్గిపెట్టెలు మాతో రెడ్ హిల్స్‌లో అద్దింటికొచ్చాయి, అక్కణ్ణించి అపార్ట్‌మెంట్ మూడో అంతస్తుకొచ్చాయి. ఇప్పుడు మా డాబా మీద పూసే గునుగు, ఆపా క్యారీ మూలన మొలిచిన గునుగు సంతానమే. బహువార్షికం నిలుస్తుంది, ఏకవార్షికం పోతుంది అని క్లాసులో చెప్పాను. నాంపల్లిలో అది తిరగేసి జరిగింది. గింజ దాచే మనిషి ఉన్నంత కాలం ఏడాది మొక్కకి నేల మీద హక్కు పత్రంతో పని లేకపోయింది.

నా చెల్లెలి కూతురు డాలస్ దగ్గర ఉంటుంది. దాని పెరట్లోనూ ఆ గునుగే పూస్తుంది. అక్కడి మనవాళ్ళు బతుకమ్మకని పెరట్లోనే పెంచుకుంటున్నారు. టెక్సస్ ఫ్లాక్స్ మన ముంగిటికి వచ్చింది, మన చెలక గునుగు టెక్సస్‌కి పోయింది.

కొనే పూల కథ వేరు, దాని మీద రాసినవాళ్ళు చాలామంది ఉన్నారు. యూసుఫైన్ దర్గా ముందు గులాబీ రేకుల తట్టలు, పూల చాదర్లు. 1930లలో కట్టిన మొజంజాహీ మార్కెట్ దగ్గర దండలు. జాంబాగ్‌లో సెహ్రాలు కట్టే చేతులు. టోకు మార్కెట్ గుడిమల్కాపూర్‌కి తరలిపోయినా జాంబాగ్‌లో చిల్లర దుకాణాలు ఇంకా ఉన్నాయి. మూరల లెక్కన పూలు కొనుక్కోవడం నాకూ సంతోషమే. కానీ కొన్న పూవుకి ఉన్నది ఒక్క రోజు.

డాబా తోటలకి ఈ ఊళ్ళో పాత సాక్ష్యం ఉంది. పదిహేడో శతాబ్దంలో వచ్చిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే, ఇక్కడి రాజమహల్ మేడల మీద తోటలున్నాయని, అంత పెద్ద చెట్ల బరువు కింది కమానులు ఎలా మోస్తున్నాయోనని రాశాడు. మా డాబా అంత బరువు మోయదు. గమ్లాలు, పాత పెయింటు డబ్బాలు, ఎర్రమన్నుకి సగం కోకోపీట్. నీళ్ళు త్వరగా ఆరిపోతాయి కాబట్టి ఏప్రిల్‌లో గడ్డిగులాబీ, బిళ్ళగన్నేరు తప్ప వేరేవి పెట్టను.

చామంతితో మాత్రం అబిడ్స్ పేచీ పెట్టింది. డాబాకి ఉత్తరం వైపు పెద్ద హోర్డింగు ఉంది, రాత్రంతా దీపాలు. ఆ వైపు పెట్టిన చామంతులు గుబురుగా, ఆకుపచ్చగా పెరిగాయి, కార్తీకం దాటినా మొగ్గ వేయలేదు. నీళ్ళ ట్యాంకు చాటున ఉన్న అదే పిలకలు పసుపుపచ్చగా విచ్చుకున్నాయి. గార్నర్, అలార్డ్ అనే ఇద్దరు అమెరికన్ శాస్త్రవేత్తలు 1920లోనే దీని రహస్యం చెప్పారు: కొన్ని మొక్కలు పగటి పొడవును బట్టి పూస్తాయని. చామంతికి పొడుగాటి చీకటి కావాలి. నడిరాత్రి వెలుగు పడితే చీకటి రెండు ముక్కలై, ఇంకా ఎండాకాలమే అనుకుంటుంది. ఆ పాఠం చెప్పిన నేనే మా వీధిలో దాన్ని కళ్ళారా చూశాను. ఇప్పుడు సెప్టెంబర్ నుంచి ఆ గమ్లాల మీద సాయంత్రం ఆరింటికి నల్లగుడ్డ కప్పి పొద్దున తీస్తాను. దీపావళి వెళ్ళాక మొగ్గలొస్తున్నాయి.

ఇప్పుడు నాకున్న దిగులు నేల గురించి కాదు, గింజ గురించి. చలికాలం రాగానే కడియం నర్సరీల నుంచి లారీల్లో ట్రేలకు ట్రేలు పూసిన మొక్కలొస్తాయి. చక్కగా ఉంటాయి, నేనూ కొంటాను. చాలావరకు అవి సంకరజాతులు. 1965లో బెంగళూరులో మొదలైన ఇండో-అమెరికన్ హైబ్రిడ్ సీడ్స్ లాంటి సంస్థలు మన దేశానికి తెచ్చిన పద్ధతి అది. పువ్వు పెద్దది, రంగు చిక్కన. దాని గింజ వేస్తే మాత్రం తల్లిలా రాదు, మరుసటి ఏడు మళ్ళీ కొనాలి. మా పక్కింటి కొత్త కోడలు పెటూనియా ఎండగానే ట్రేతో సహా చెత్తబండిలో వేస్తుంటే ఆపాను. అందులో గింజ ఉంటుందని ఆమెకు తెలియదు, చెప్పినవాళ్ళు లేరు. ఇప్పుడు నా పాత ఒంటిరేకు పెటూనియా గింజ ఆమె దగ్గరా ఉంది.

పబ్లిక్ గార్డెన్స్‌లో ఒక్క మడి పాత ఏడాది మొక్కలకు కేటాయించాలని నేను అడుగుతూనే ఉన్నాను. ఉద్యానశాఖ కార్యాలయం ఉన్న తోట అది, అంతకంటే తగిన చోటు ఈ రాష్ట్రంలో లేదు. రేకబంతి, తెల్ల గునుగు, బొగడబంతి, ఒంటి జీనియా, చిన్నపూల ఫ్లాక్స్ – పక్కన తెలుగులో, ఉర్దూలో పేరు పలకలు. కావలసిన గింజ నేనిస్తాను. ఫిబ్రవరి చివర పూత తగ్గగానే మొక్కలు పీకేయకుండా మూడు వారాలు ఎండనివ్వాలి, అంతే. కాయ కోసే పని నేనొచ్చి చూసుకుంటాను.